రెండో కలం

నవంబరు 4, మంగళవారం

నాకు కుళ్ళేమీ లేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటే తర్వాత నాతో నేను వాదించుకునే పని ఉండదు.

ఈరోజు జకాత్ ఆఫీసులో మందుల మామయ్య అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. ఆయన ముప్పై ఏళ్ళు మందుల కొట్టు నడిపి, ఇప్పుడు ఉన్నవాళ్ళిచ్చే జకాత్ సొమ్ము పేదలకు పంచే మా సంస్థకు పెద్దగా ఉన్నారు. మాటలు కూడా మాత్రల్లాగే ఇస్తారు, పూటకు ఒకటి. వచ్చే వారం నుంచి ఐదుగురు అమ్మాయిలు పనిలో చేరుతున్నారట. సాయం అడిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి విచారించడం ఎలాగో వాళ్ళకు నేర్పాలట. నేను తలమీద ముసుగు సర్దుకుని కుర్చీలో కాస్త ముందుకు జరిగాను. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నది నేను. ఏ సందులో ఏ మెట్టు విరిగిందో కూడా నాకు తెలుసు.

"వాళ్ళకి ఈ అమ్మాయి నేర్పుతుంది" అన్నారు మామయ్య, కొత్తామె వైపు చూపించి.

కొత్తామె! వచ్చి పట్టుమని పది నెలలు కాలేదు. ఎనిమిదేళ్ళ క్రితం ఆమే మాకొక ఫైలు. భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లలతో అద్దె గదిలో ఉంటే, వెళ్ళి చూసి, సాయం అవసరమని రాసింది నేను. ఆ సాయంతో కుట్టుపని నేర్చుకుంది, నిలదొక్కుకుంది, తిరిగి మా దగ్గరే పనికి చేరింది. ఇప్పుడు ఆమె నేర్పుతుందట. నేను దుప్పట్ల గది చూసుకోవాలట, కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంటుందట.

చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఫ్యాను మోటారు ఒళ్ళో పెట్టుకుని, "మంచిదే కదా, నీకు తిరుగుడు తప్పింది" అన్నారు. ఈయనకు తీగలో కరెంటు ఉందో లేదో తెలుస్తుంది గానీ పెళ్ళాం ముఖంలో ఏముందో తెలియదు.

నవంబరు 5

కొత్తామె చెప్పులు చూశాను. మామూలు చెప్పులే.

నవంబరు 7, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక పక్షవాతం వచ్చిన ముసలావిడ ఇంటికి దుప్పట్లు పట్టుకెళ్ళాను. తలుపు తట్టగానే లోపల కోడలి గొంతు: "అత్తయ్యా, మూతలక్క వచ్చింది, గిన్నెలు సర్దుతున్నా!"

మూతలక్క. అంటే నేను. వెనకాల అలా పిలుస్తారని నాకు తెలుసు. ఇంట్లోకి వెళ్ళగానే వంటగదిలో గిన్నెల మూతలు తీసి చూస్తాను. బియ్యం డబ్బా చూస్తాను. మనిషి నోరు అబద్ధమాడుతుంది గానీ గిన్నె ఆడదు. ఎంతమంది దొంగ కష్టాలను ఇలా పట్టుకున్నానో మామయ్యకు తెలుసు. తెలిసి ఏం లాభం?

ముసలావిడ దుప్పటి తీసుకుని, గుమ్మం వైపు చూసి, "ఆ అమ్మాయి రాలేదా?" అంది.

ఏ ఇంటికి వెళ్ళినా ఇదే. ఆ అమ్మాయి రాలేదా, ఆ అమ్మాయి ఎప్పుడొస్తుంది. ఆ అమ్మాయి చేసే ఘనకార్యం ఏమిటో నాకు తెలుసు. లోపలికి వెళుతుంది, కింద కూర్చుంటుంది, గ్లాసుడు మంచినీళ్ళు అడుగుతుంది. ఆ నీళ్ళు అరగంట తాగుతుంది. ఏమీ అడగదు. ఇంటివాళ్ళే కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. ఇంతోటి దానికి ఆమెను అందరూ నెత్తిన పెట్టుకుంటున్నారు. మంచినీళ్ళ మహారాణి!

దాహం నాకూ వేస్తుంది. కానీ నేను ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటాను. పేదవాళ్ళ ఇంట్లో నీళ్ళు కూడా ఖర్చు చెయ్యకూడదన్నది నా పద్ధతి.

నవంబరు 10, సోమవారం

దుప్పట్ల గదిలో కూర్చోమన్నా, ఫైళ్ళు ఎక్కువై నన్నూ పంపక తప్పలేదు. మా దగ్గర రెండు కలాల పద్ధతి ఉంది కదా. ఒక ఇంటికి ఇద్దరం విడివిడిగా వెళ్ళాలి, విడివిడిగా రాయాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. మీటింగులో మామయ్య రెండూ పక్కపక్కన పెట్టి చదువుతారు. కలిస్తే సాయం. కలవకపోతే మూడో మనిషి వెళ్ళి చూసొచ్చేదాకా ఫైలు ఆగుతుంది. జకాత్ అంటే పేదవాడికి మనం చూపించే దయ కాదు, అది వాడి హక్కు, ఒక్క కంటితో చూసి పంచకూడదు అంటారాయన. మంచి పద్ధతే. ఆ రెండు కలాల్లో ఒకటి పదకొండేళ్ళుగా నాది.

ఈరోజు వెళ్ళింది తాపీ మేస్త్రీ ఇంటికి. ఏడాది క్రితం మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. నేను వెళ్ళేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. సలాం చెప్పి, "చూడండమ్మా ఈ గోడ వంకర. ఊళ్ళో అందరి గోడలూ నిటారుగా లేపాను. నేనుండే ఇంటి గోడ మాత్రం ఎవడో తాగి కట్టాడు" అని నవ్వాడు.

ఆయన భార్య పక్కనే తల వంచుకుని నిలబడింది. మూతలు తీశాను. ఒక గిన్నెలో అన్నం, మిగతావి ఖాళీ. బియ్యం డబ్బాలో అడుగు కనిపిస్తోంది.

వంతెన పక్క స్కూల్లో గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఉందట. హెడ్మాస్టరు డిసెంబరు ఒకటి దాకా ఆగుతానన్నాడట. కానీ రెండు కాళ్ళ మీద నిలబడాలి, గేటు తియ్యాలి, పిల్లల్ని రోడ్డు దాటించాలి. పెట్టుడు కాలు కావాలి. కొలతలు తీసే ఆయన మా ఆఫీసుకు నెలకోసారి వస్తాడు, ఈసారి ఇరవై నాలుగున. అయిదు రోజుల్లో కాలు బిగిస్తాడు. అంటే ఇరవై రెండో తారీఖు మీటింగులో ఫైలు పాసవ్వాలి. ఈ తారీఖులన్నీ మేస్త్రీ వేళ్ళమీద లెక్కపెట్టి రెండుసార్లు చెప్పాడు.

ఆయన బావమరిదికి నడిబజారులో రంగుల కొట్టు ఉంది. అడిగాను. "ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్ళి అడిగానమ్మా. తమ్ముడు షట్టర్ దించేసుకున్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు" అంది భార్య.

అవసరం నిజం. ఇందులో రెండో మాట లేదు. కాగితం శనివారం రాసిస్తాను.

నవంబరు 13, గురువారం

కొత్త అమ్మాయిలకు పాఠం. నేను పక్క గదిలో దుప్పట్లు మడత పెడుతున్నాను. మడతపెట్టినవే మళ్ళీ మడత పెట్టాను. తలుపు సందులోంచి అన్నీ వినిపిస్తాయి. విందామని కాదు.

ఒక అమ్మాయి అడిగింది: "ఇంట్లో ఏమీ లేదని ఎలా తెలుస్తుందక్కా?"

"తొందరపడకు. నువ్వు వాళ్ళకి చుట్టం అనుకుని కూర్చో. తెలుస్తుంది" అంది కొత్తామె.

అందరూ నవ్వారు, ఇష్టంగా. నాకు పదకొండేళ్ళలో ఒక్కరూ అలా నవ్వలేదు. భయపడ్డారు, గౌరవించారు, టీ ఇచ్చారు. నవ్వలేదు.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను, స్క్రూలన్నీ అన్నం బల్లమీద పోశారని. "నీకు ఎక్కడో కాలింది, ఇక్కడ పొగ వస్తోంది" అన్నారు. ఈ మధ్య ఈయనకు ముఖం చదవడం వచ్చినట్టుంది. అదీ నచ్చలేదు.

నవంబరు 15, శనివారం

గుమాస్తా నమాజుకు లేచి వెళ్ళాడు. ఆయన బల్లమీద మేస్త్రీ ఫైలు, అందులో కొత్తామె రాసిన కాగితం. ఫ్యాను గాలికి అంచు లేస్తోంది. ఎగిరిపోతుందేమోనని చెయ్యి పెట్టాను. అంతే. చెయ్యి పెట్టాక కళ్ళు మూసుకుని నిలబడలేం కదా.

"నాకు కుర్చీ వెయ్యడానికి ఈయన ఒంటికాలి మీద గెంతుకుంటూ గది దాటారు. వద్దన్నా వినలేదు. ఇలాంటి మనిషి గేటు దగ్గర నిలబడితే పిల్లలకు భయం ఉండదు. సాయం ఈ నెలలోనే అందాలి."

అంతే, నాలుగు ముక్కలు. నేనైతే గిన్నెలు, డబ్బా, అద్దె, అన్నీ కలిపి పేజీన్నర రాసేదాన్ని.

నాకూ కుర్చీ వేశాడు మేస్త్రీ. నాకోసమూ గెంతాడు. అప్పుడు నేను వంటగదిలో ఉన్నాను. వచ్చేసరికి కుర్చీ ఉంది, కూర్చున్నాను. అది ఎలా వచ్చిందో చూడలేదు.

కాగితం రాయడానికి కూర్చున్నాను. రాస్తే ఆమె రాసిందే రాయాలి. మామయ్య ముందు ఆమెది చదువుతారు. "ఆహా" అంటారు. తర్వాత నాది చదివి "సరే, కలిసింది" అంటారు. అంతే నా విలువ, ఆమెకు వంత పాడటం.

నేను రాసింది ఇది: "దగ్గరి బంధువుకు నడిబజారులో రంగుల కొట్టు ఉంది. కుటుంబం ఇబ్బందుల్లో ఉన్నమాట నిజమే గానీ ఆధారం లేనిది కాదు. తొందరలేదు, ఇంకోసారి చూసి నిర్ణయించవచ్చు."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కొట్టు ఉంది. బంధువు ఉన్నాడు.

నవంబరు 16

కొట్టు ఉంది. ఈరోజు అటుగా వెళ్ళి బోర్డు కూడా చూసి వచ్చాను. పెద్ద బోర్డే.

నవంబరు 22, శనివారం

మీటింగు. మేస్త్రీ ఫైలు ఏడోది.

మామయ్య రెండు కాగితాలూ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ రెండు కలాలూ ఇంత దూరంగా పోవడం ఎప్పుడూ లేదే" అని నా వైపు తిరిగారు. "ఈ నెలలోనే అందాలని ఆ అమ్మాయి రాసింది. నువ్వు తొందర లేదన్నావు. ఆయన నీతో తారీఖు ఏమైనా చెప్పాడా అమ్మా?"

"నాతో అయితే చెప్పలేదు మామయ్యా" అన్నాను.

నోరు దానంతటదే అనేసింది. నేను అనుకున్నది వేరు. కలవకపోతే మామూలుగా మూడో మనిషిని పంపిస్తారు, రెండు రోజుల్లో ఎలాగో సర్దుకుంటుంది, ఈలోగా నా మాటకూ ఒక బరువుందని తెలుస్తుంది. ఇదీ నా లెక్క. కొత్తామె వాదిస్తుందనుకున్నాను. వాదనకు సిద్ధంగా వెళ్ళాను కూడా.

ఆమె లేచి నిలబడింది. "అక్క రాసిందే సరైనదయ్యుంటుంది. నాకు ఆయన్ని చూడగానే మా నాన్న గుర్తొచ్చాడు, జాలితో రాసేసి ఉంటాను, తారీఖులు కూడా తప్పుగా విన్నానేమో. అక్క కళ్ళకి కనిపించింది నా కళ్ళకి కనిపించలేదు. నా కాగితం తీసేయండి మామయ్యా" అంది.

కాగితం తీసేశారు. ఒక్క కలమే మిగిలింది, నాది. మూడో మనిషిని పంపే అవసరం లేకపోయింది. ఫైలు బీరువాలో పెట్టేశారు.

నవంబరు 23, ఆదివారం

మామయ్య ఫోన్ చేసి "అనుభవం అనుభవమేనమ్మా" అన్నారు. ఆ మాట కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను. గెలిచాను. అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. కూరలో ఉప్పు లేదని మా ఆయనతో పోట్లాడాను. వండింది నేనే.

పదో తారీఖు పేజీ తిప్పి చూశాను. వేళ్ళమీద లెక్కపెట్టి రెండుసార్లు చెప్పాడు, అని ఉంది. నా చేతిరాతే.

నవంబరు 24

కాళ్ళ కొలతలు తీసే ఆయన వచ్చాడు. ముగ్గురికి తీశాడు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంటే నేనే తీసి లోపల పెట్టాను.

నవంబరు 25, మంగళవారం

మధ్యాహ్నం కొత్తామె మా ఇంటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జలుబు అంది.

ఇంట్లో ఎవరూ లేరు. గుమ్మంలోనే మాట్లాడి పంపేద్దామనుకున్నాను. "అక్కా, కాసిని మంచినీళ్ళిస్తారా?" అంది. నా దగ్గరేనా ఈ నాటకం అని ఒళ్ళు మండింది. గ్లాసు తెచ్చి టక్కున పెట్టాను.

"మేస్త్రీగారింట్లో నేనెక్కడ పొరపాటు పడ్డానో నేర్పించండక్కా. ఆ అమ్మాయిలకి నేనేం చెప్తున్నానో నాకే భయంగా ఉంది" అంది. బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కానీ ఆమె కలం మూత తీసి నా నోటి వైపు చూస్తోంది. అలా నా నోటి వైపు చూసి ఎవరైనా రాసుకుని ఎన్నేళ్ళయిందో. "ఆ ఇంటిని ఒక్కదాన్నే చూస్తే చాలదు. చుట్టాలను చూడాలి. ఎవరికి కొట్టుంది, ఎవరికి బండుంది. అడిగి తెలుసుకోవాలి" అన్నాను. రాసుకుంది. కింద గీత కూడా గీసుకుంది.

"ఎవరింటికెళ్ళినా నీళ్ళడగడం ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను.

ఆమె వింతగా చూసింది. "మీ దగ్గరేగా!"

"నా దగ్గరా?"

"మా ఇంటికొచ్చిన రోజు గుర్తులేదా అక్కా? పొయ్యి వెలిగించి రెండు రోజులైంది. ఏం చూస్తారో చూద్దామని పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నా. మీరు వంటగది వైపు తలే తిప్పలేదు. మా పెద్దదాన్ని పిలిచి, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా అన్నారు. తాగి, ఇంత చల్లటి నీళ్ళు ఈ వీధిలో ఎక్కడా తాగలేదు అన్నారు. మా ఇంట్లో కూడా చుట్టానికి పెట్టడానికి ఒకటుందని అప్పుడే తెలిసింది నాకు. ఇళ్ళకి వెళ్ళే పని నాకిచ్చినప్పుడు ఇంకేం చెయ్యాలో తెలీలేదు. మీరు చేసిందే చేస్తున్నా."

గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. ఆ నీళ్ళు, ఆ పిల్ల, ఆ పక్కింటావిడ, ఏదీ.

మూతలు తియ్యడం ఎప్పుడు మొదలుపెట్టానో మాత్రం గుర్తుంది. ఆమె ఫైలు తర్వాత ఏడాదికి. ఒక ఇంట్లో మంచం కింద నాలుగు బియ్యం బస్తాలు దాచి నన్ను ఏమార్చారు. మీటింగులో నవ్వారు. అప్పటినుంచి ఇంకెవరూ నన్ను ఏమార్చలేదు.

నాది నేనే ఎక్కడో పారేసుకున్నాను. అది దొరికి, దాచుకుని, వాడుకుంటున్న మనిషిని చూసి ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇది రాయడానికి కూడా ఆమె వెళ్ళిపోయాక రెండు గంటలు పట్టింది.

నవంబరు 28

రోజూ నమాజులో క్షమించమని అడుగుతున్నాను. అల్లాను అడగడం తేలిక. ఆయన నలుగురిలో నిలబెట్టడు.

డిసెంబరు 1, సోమవారం

వంతెన పక్కనుంచి వెళ్ళాను. అది దారి కాదు, చుట్టు. అయినా వెళ్ళాను.

గేటు దగ్గర ఎవరో బక్కపలచటి మనిషి, కొత్త టోపీ, మెడలో ఈల. ఫోన్ చూసుకుంటున్నాడు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రోడ్డు దాటుతున్నారు.

డిసెంబరు 3, బుధవారం

కొత్త అమ్మాయిల్లో పొట్టిపిల్ల తన మొదటి కాగితం తెచ్చి నాకు చూపించింది, పెద్దక్క చూస్తే ధైర్యంగా ఉంటుందని. భర్త వదిలేసిన ఆడమనిషి, చంకలో పిల్ల. కింద రాసింది: "ఈమె పినతండ్రికి చెప్పుల కొట్టు ఉంది. ఆధారం లేనిది కాదు. తొందర లేదు."

"పినతండ్రి ఈమెను చూస్తున్నాడా?" అని అడిగాను.

"అది అడగలేదక్కా. కొట్టుందా అని మాత్రం అడిగా. చుట్టాలను చూడాలని పాఠంలో చెప్పారుగా. మీ మాటేనట, అక్క మీ పేరు చెప్పి మరీ నేర్పారు" అంది, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

నా కుళ్ళు పాఠమై కూర్చుంది. ఐదుగురు రాసుకున్నారు. ఐదుగురూ ఇళ్ళకు వెళతారు.

డిసెంబరు 6, శనివారం

మీటింగు మొదలవ్వగానే లేచాను. మొదటి ఫైలు తియ్యకముందే. ఆలస్యమైతే కూర్చుండిపోతానని నాకు తెలుసు.

మేస్త్రీ కాగితం నేను అబద్ధంగా రాశానని చెప్పాను. తారీఖులు ఆయన నాకు రెండుసార్లు చెప్పాడని, చెప్పలేదని నేను బొంకానని, కొత్తామె కాగితం దొంగతనంగా చదివానని చెప్పాను. బంధువుల కొట్టు పాఠం కొట్టేయమని అమ్మాయిలకు చెప్పాను. 

"ఎందుకక్కా?" అంది కొత్తామె.

"నువ్వంటే కుళ్ళు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, "నా మీదా? కుళ్ళుకునేంత ఏముందక్కా నా దగ్గర?" అంది.

 ఏముందో నాకు తెలుసు, కానీ అది అందరిముందు చెప్పేది కాదు.

 మామయ్య చెయ్యి చాపారు. నా కలం ఇచ్చేశాను. "ఇకనుంచి నువ్వు రాయకూడదమ్మా. దుప్పట్ల గది చూసుకో. ఈసారి విశ్రాంతికి కాదు" అన్నారు. నేను తల ఊపాను. పొట్టిపిల్ల ఫైలు తిరిగి విచారణకు పంపారు. మేస్త్రీ ఫైలు బీరువాలోంచి తీసి అప్పుడే పాస్ చేశారు. ఈ నెల ఇరవై రెండున కొలతలు. కాలు వస్తుంది. గేటు రాదు.

"అల్లాకు చేసిన తప్పు అల్లా మాఫీ చేస్తాడు. మనిషికి చేసింది ఆ మనిషే మాఫీ చెయ్యాలి. మేస్త్రీకి ఎవరు చెప్తారు?" అన్నారు మామయ్య.

"నేను వెళ్తా" అంది కొత్తామె, అలవాటుగా.

"వద్దు. నేనే వెళ్ళాలి" అన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగారు. అప్పుడు ఏడ్చాను.

డిసెంబరు 8, సోమవారం

పొద్దున్నే వెళ్ళాను. మేస్త్రీ భార్య తలుపు తీసి, నన్ను చూసి, గబగబా వంటగది గుమ్మం నుంచి పక్కకు తప్పుకుంది. మూతలు తీస్తానని. వద్దన్నాను.

మేస్త్రీ కుర్చీ కోసం లేవబోయాడు. "మీరు కదలొద్దు" అని కిందనే కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పాను. చుట్టూ తిప్పకుండా చెప్పాను. మీ అవసరం నాకు తెలుసు, తెలిసే అబద్ధం రాశాను, ఇంకొకరి మీద కుళ్ళుతో రాశాను, మీ ఉద్యోగం నావల్లే పోయింది.

ఆయన భార్యను చూశాడు. ఆమె ఆయన్ని చూసింది.

"అయితే ఆ అమ్మాయిది కాదా తప్పు?" అన్నాడు.

"ఏ అమ్మాయి?"

"ఆ నీళ్ళు తాగే అమ్మాయి. మీటింగు మర్నాడే వచ్చిందిగా. అన్నా, నేను సరిగ్గా చూడలేకపోయాను, నావల్లే ఆగిపోయింది, మాఫీ చెయ్యండి అంది. చెయ్యలేదు నేను. గుమ్మంలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టా. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఏడుస్తూ పోయింది పాపం. మంచినీళ్ళు కూడా ఇవ్వనివ్వలేదు మా ఆవిణ్ణి."

మీటింగు మర్నాడు. ఇరవై మూడు. నేను రెండుసార్లు అన్నం వడ్డించుకున్న రోజు. ఆ తర్వాత రెండు రోజులకు మా ఇంటికి వచ్చి, నోటుబుక్కు తెరిచి, నేర్పించమని అడిగింది. తిట్ల సంగతి ఒక్క ముక్క అనలేదు. నాకే కాదు, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రీ గోడకు వెనక్కి జరిగి సర్దుకుని కూర్చున్నాడు. "అయితే ఆ తిట్లు మీవన్నమాట" అన్నాడు.

"అవును" అన్నాను.

"వినండి మరి. మీకు చేరాల్సినవి మీకు చేరాలిగా."

"ఊరుకోండి, పెద్దావిడ" అంది భార్య.

"చెప్పనివ్వండమ్మా" అన్నాను నేను.

మొదలుపెట్టాడు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు ఒక వరసలో చెప్పాడు. ఇంతమంది గడప తొక్కి ఏం నేర్చుకున్నావన్నది ఒకటి. మా బతుకులు నీకు కాగితమ్ముక్కలా అన్నది ఇంకొకటి. మధ్యలో ఒకటి మర్చిపోతే భార్యే అందించింది: "దానికంటే ముందు, నీ కళ్ళకి మేము మనుషుల్లా కనిపించలేదా అన్నారు." "అవునవును, అది ముందు" అని మళ్ళీ అక్కడినుంచి చెప్పాడు. కోపంతో చెప్పలేదు. కోపం ఆ రోజే అయిపోయింది. ఒప్పజెబుతున్నాడు, అంతే. అందుకే ఒక్కొక్కటీ సూటిగా దిగింది. తల ఎత్తి విన్నాను. ఒక్కటి కూడా నాకు కాదని అనిపించలేదు.

"అయిపోయాయా?" అని భార్యను అడిగాడు.

"ఒకటి మిగిలింది" అందామె, మెల్లగా.

ఆయన తన మోకాలి వైపు చూసుకున్నాడు. "నీ కాలు కూడా ఇలాగే పోవాలి, అప్పుడు తెలుస్తుంది అన్నా. అది మాత్రం ఎవరికీ వద్దు. దాన్ని తీసేస్తున్నా, ఇద్దరికీ." తర్వాత నావైపు తిరిగి, "మాఫీ అంటారా, కాలొచ్చాక అడగండి. నిలబడి చెప్తా" అన్నాడు.

ఆఫీసుకు వెళ్ళాను. కొత్తామె బల్ల దగ్గర కూర్చుని అమ్మాయిల కాగితాలు చూస్తోంది. మేస్త్రీ ఏమన్నాడని అడగలేదు, నాకేసి చూసి కొద్దిగా జరిగి చోటిచ్చింది. పక్కన కూర్చున్నాను. ఆ తిట్లు నావి. వీధంతా చూస్తుండగా ఆమె వాటిని తన మీద వేసుకుని, పదిహేను రోజులు మోసి, కిక్కురుమనలేదు. నేనైతే పదిహేను నిమిషాలు మోసేదాన్ని కాదు.

ఇందులోనూ నాకంటే ముందే ఉంది. రాస్తుంటే ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది.